గళ్ల కార్డులు, పక్కింటావిడ గొంతు

నా గొంతు పెద్దదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చెప్పనివాళ్లు లేరు. ఇక్కడ అమెరికాలో, నార్త్ కరోలినా మోరిస్‌విల్‌లో మేముండే టౌన్‌హోమ్‌ల గోడలు పల్చన కాబట్టి ఆ సంగతి ఇప్పుడు మా వరసలో అందరికీ తెలుసు. నేను ఇంటి నుంచి ఆఫీసు కాల్‌లో ఉంటే మా ఆయన పక్కగదిలో తలుపు వేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, అదీ చాలక కిందికి దిగి కారులో కూర్చుని తన కాల్ మాట్లాడుకుంటాడు. "నీకు ఫోనెందుకే, కిటికీ తెరువు చాలు, హైదరాబాద్‌కి వినపడుద్ది" అంటాడు. అననీ, నాకేం.

పక్కింటావిడ మాత్రం ఏ రోజూ ఏమీ అనలేదు. అనడానికి ఆవిడకి మాత్రం మొహమేది? ఆవిడ అమెరికన్, ఏళ్ల తరబడి స్కూలు బస్సు నడిపి రిటైరయిన మనిషి. వెనక సీట్లో పిల్లాడు లేచి నిలబడితే, ఇంజను మోత దాటుకుని వాడి చెవిలో పడేలా అరిచి అరిచి సానపట్టిన గొంతు అది. మేమిద్దరం పెరట్లో కంచెకి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకుంటుంటే వీధి చివర కుక్క మొరిగేది. ఆవిడకి డెబ్బై దాటాయి, భర్త పోయాడు, పిల్లలు లేరు. మా అమ్మాయి అలవాటు కొద్దీ ఆవిణ్ణి "ఆంటీ" అని పిలిచేది. నిజానికి నాయనమ్మ వయసు. ఆ పిలుపు ఆవిడకి ఎంత నచ్చిందంటే, క్రిస్మస్‌కి మాకిచ్చిన కార్డు మీద కూడా "మీ ఆంటీ" అనే సంతకం పెట్టింది.

ఆవిడ పాత కార్డుల పెట్టె మా ఇంటికి వచ్చింది నీళ్ల వల్ల. ఆవిడ ఇంట్లో పైఅంతస్తు పైపు పగిలి అల్మరాలోకి నీరు దిగింది. తలుపు దబదబా బాదితే తీశాను. ఆవిడ చేతుల్లో తడిసిన అట్టపెట్టె, పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా గుండెకి ఆనించి పట్టుకుని ఉంది. "మీ ఇంట్లో ఫ్యాను ఉందా?" అని అడిగింది. పైపు సంగతి లేదు, కార్పెట్ సంగతి లేదు, ముందు ఫ్యాను.

పెట్టె నిండా పాత పోస్ట్‌కార్డులు. డైనింగ్ టేబుల్ మీద పరిచాం, చాలలేదు. సోఫా మీద, మెట్ల మీద, మా అమ్మాయి కీబోర్డు మీద పరిచాం. పైన ఫ్యాను వేశాం. నేను కుక్కర్ పెట్టబోతూ ఊరికే ఒక కార్డు వంక చూశాను. ఇక కుక్కర్ పెట్టలేదు.

కార్డు కార్డుకీ బొమ్మవైపు నిండా ఒక గళ్లబట్ట అచ్చేసి ఉంది. మన లుంగీ గళ్లలా కాదు, గడిలో గడి, ఆ గడిలో సన్నటి పసుపు గీత, దాన్ని కోస్తూ ఎర్ర గీత. ఆ బట్ట మధ్యలో ఒక బెల్టు గుండ్రంగా చుట్టుకుని, బకిల్ పెట్టుకుని, కొస కిందికి వేలాడుతూ ఉంది. బెల్టు మీద ఏవో అక్షరాలు. బెల్టు లోపల ఒక బొమ్మ. ఒక కార్డులో కత్తి పట్టిన చెయ్యి, ఒకదాంట్లో ఎద్దు తల, ఒకదాంట్లో మండుతున్న కొండ, ఒకదాంట్లో పిల్లి. పిల్లి అంటే ఇంట్లో పాలు తాగే పిల్లి కాదు, పంజా ఎత్తి మీదికొచ్చే అడవిపిల్లి. ఒక మూల చిన్న ఆకురెమ్మ. కింద ఒక కోటో, చెరువో, పొగమంచు కమ్మిన కొండో. కొన్నిటి మీద బంగారు రంగు పొంగుగా అద్దారు, వేలు పెట్టి తడిమితే తెలుస్తోంది. నూరేళ్లు దాటిన కార్డులు, ఆ రంగు నిన్న పూసినట్టుంది.

"ఇవేమిటి?" అన్నాను.

"కుటుంబాలు" అంది ఆవిడ.

స్కాట్లండ్ కొండల్లో క్లాన్ అంటే ఒక వంశమూ, ఆ వంశాన్ని నమ్ముకుని బతికినవాళ్లందరూ. రక్తసంబంధం ఉన్నవాళ్లూ ఉంటారు, లేకపోయినా ఆ పెద్దని నమ్ముకుని ఆ పేరు పెట్టుకున్నవాళ్లూ ఉంటారు. ఆవిడ తాతముత్తాతలు అక్కణ్ణించి ఓడెక్కి ఈ నార్త్ కరోలినా కొండలకి వచ్చి పడ్డవాళ్లు. కార్డులు ఆవిడ నాయనమ్మ మొదలుపెట్టిందట, తర్వాత ఆవిడా, ఆవిడ అన్నా కలిసి పోగేశారు.

ఆ మధ్యాహ్నమంతా ఆవిడ చెబుతూనే ఉంది, నేను నోరు తెరుచుకుని వింటూనే ఉన్నాను. నేను నోరు తెరిచి, మాట్లాడకుండా అంతసేపు ఉండటం పెళ్లయ్యాక అదే మొదటిసారి చూడటం అంటాడు మా ఆయన. ఆ బెల్టు ఎందుకుందో తెలుసా? వంశానికి పెద్ద అయినవాడు ఆ బొమ్మని బెల్టు లేకుండా పెట్టుకుంటాడట. అది ఆయన సొంతం. మిగతావాళ్లెవరికీ ఆ హక్కు లేదు. వాళ్లు పెట్టుకోవాలంటే బొమ్మ చుట్టూ బెల్టు ఉండాలి. నేను పెద్దని కాను, ఫలానా పెద్ద తాలూకు మనిషిని అని చెప్పడం అన్నమాట.

"మా ఆఫీసు బ్యాడ్జి లాగా" అన్నాను.

"అలాగే. కాకపోతే దీన్నించి నిన్ను లేఆఫ్ చెయ్యరు" అంది.

నవ్వాను గానీ ఆ మాట చురుక్కుమంది. మా ఆయన టీములో ఆ నెలే ఇద్దరి ఉద్యోగాలు పోయాయి.

ఆకురెమ్మల సంగతి విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. ఒక వంశానికి ముళ్లంచుల హోలీ ఆకు, ఒకరికి దేవదారు, ఒకరికి ఓక్, ఇంకొకరికి బురదనేలల్లో పెరిగే ఏదో పొద. యుద్ధానికి పోయేటప్పుడు ఆ రెమ్మ తుంచి టోపీలో గుచ్చుకునేవాళ్లట. మబ్బులో, వానలో, అందరూ ఒకేలా బురద కొట్టుకుని ఉంటే, ఎదురొచ్చినవాడి తల మీద ఏ ఆకుందో చూసి కత్తి ఎత్తాలో దించాలో తేల్చుకోవాలి. మనిషి ప్రాణం ఒక ఆకు మీద ఆధారపడి ఉంది. మీదికి దూకుతూ వాళ్లు అరిచే కేకలు కూడా చాలావరకు దేవుడి పేరో రాజు పేరో కావట. తమ ఊరి కొండ పేరు, చెరువు పేరు, ఒక బండరాయి పేరు. చావుకి ఎదురెళుతున్న మనిషి గొంతులోంచి తను పుట్టిన చోట ఉన్న రాయి పేరు వస్తుందంటే, నేను ఆ కార్డు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

ఇక కార్డులు వెనక్కి తిప్పితే, అంత పౌరుషం బొమ్మ వెనక రాసిన మాటలేమిటి? "వాన. మోకాళ్లు నొప్పి. పిల్లలకి ముద్దులు." ఇంకోదాని మీద "కోడి గుడ్లు పెట్టడం మానేసింది." నాకు నవ్వాగలేదు. ఆవిడా పడీ పడీ నవ్వింది.

తర్వాత ఆవిడే చెప్పింది, ఈ గళ్లలో చాలా మట్టుకు అనాదిగా వచ్చినవి కావు, బట్టలు నేసి అమ్ముకునేవాళ్లు తర్వాతి కాలంలో ఈ గళ్లు మీకు, ఆ గళ్లు వాళ్లకి అని పంచిపెట్టినవే అని. నాకు కాస్త మనసు చిన్నబోయింది. "మరి తెలిసీ ఎందుకు దాచారు?" అని అడిగాను. "ఎవరు పంచితేనేం, మా నాయనమ్మ ఆ బట్ట కప్పుకునే పోయింది" అంది.

అప్పుడావిడ నన్నడిగింది, మీకూ ఇలాంటివి ఉంటాయా అని. ఎందుకుండవు అని గొప్పగా మొదలుపెట్టాను. గోత్రం గురించి చెప్పాను, ఒక ఋషి పేరు, ఒకే ఋషివాళ్లు అన్నాచెల్లెళ్ల లెక్క, పెళ్లిళ్లు చేసుకోకూడదు అని. ఇంటిపేరు గురించి చెప్పాను. మా పుట్టింటి ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆ ఊరెక్కడ ఉందో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఎవరూ వెతకలేదు కూడా. బొమ్మ లేదు, ఆకు లేదు, కేక లేదు. చెబుతుంటేనే నా గొప్ప కొంచెం కొంచెం దిగిపోయింది. "ఋషి చాలడా?" అంది ఆవిడ. చాలడని కాదు. ఆయన ఎలా ఉంటాడో ఎవరూ నాకు చూపించలేదు, అంతే.

కార్డులు ఆరాయి. వాటిని మళ్లీ పెట్టెలో సర్దుతుంటే, ఇన్ని కార్డుల్లో ఆవిడ ఇంటిపేరున్న కార్డు కనపడలేదని గమనించాను. మెయిల్‌బాక్స్ మీద ఉన్న పేరే కదా ఆవిడ పేరు, అదొక వంశం పేరే అని అప్పటికి నాకు తెలిసింది. నేను ఊరుకుంటానా? పాత వస్తువులు అమ్మే వెబ్‌సైట్లన్నీ గాలించాను. పని మధ్యలో బ్రేక్ తీసుకుని, వేలంపాటలో ఎవడో నాకు పోటీకొస్తే వాడి మీద ఒళ్లు మండి, పట్టుబట్టి గెలిచాను. నీలం, ఆకుపచ్చ గళ్లు, బెల్టు లోపల దుప్పి తల. ఆవిడ పుట్టినరోజుకి ఫ్రేము కట్టించి ఇచ్చాను.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చాలా బావుంది అంది. థాంక్స్ చెప్పింది. కేకు కోసింది. నాకు ఏదో తేడా కొట్టింది గానీ ఏమిటో తెలియలేదు. మా వాళ్లంతా వెళ్లిపోయాక, నేను ప్లేట్లు తీస్తుంటే అప్పుడంది, "ఇది మా ఆయనవాళ్లది."

"మీదీ అదేగా?"

"నాదెందుకవుతుంది? నేను వాళ్లింట్లో పుట్టలేదుగా."

చచ్చే సిగ్గేసింది. నా బుర్రలో పెళ్లంటే ఆడదాని గోత్రం మారిపోవడమే. నాది అలాగే మారింది. పీటల మీద పురోహితుడు ఏదో చదివాడు, ఆ రోజు నుంచీ నేను మా ఆయన ఋషికి చెందాను. నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. అది అడిగే సంగతని కూడా నాకు తోచలేదు. ఆవిడ మాత్రం నలభై ఏళ్ల పైన ఒక మనిషితో కాపురం చేసి, ఆయన పేరు మెయిల్‌బాక్స్ మీద రాసుకుని, ఆయన పోతే ఏడ్చి, ఇన్నాళ్లూ తన ఆకురెమ్మ తనే పెట్టుకుని తిరిగింది. వాళ్లలోనూ కొందరు మొగుడి క్లాన్‌లో కలిసిపోతారట, అది ఎవరిష్టం వాళ్లది. "మంచోడే. కానీ నాకు నా వాళ్లున్నారు" అంది, అదేదో ఉప్పూ కారం సంగతి చెప్పినట్టు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "పాపం ఆవిడకి అత్తారి గోత్రం అంటగట్టి వచ్చావా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి నా పుట్టింటి గోత్రం ఒకసారి మనసులో చెప్పుకున్నాను. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి.

మరి ఆవిడ సొంత కార్డేది? అది మర్నాడు అడిగాను. ఆవిడది చాలా చిన్న వంశం. పెద్ద వంశాలకి పది రకాల కార్డులు అచ్చేస్తే వీళ్లకి ఒకటి వేశారేమో. ఆ ఒక్కటీ వీళ్ల దగ్గరుండేది. జునిపర్ రెమ్మ మూల, బెల్టు లోపల ఒక చిన్న పడవ. అన్న పోయినప్పుడు ఆ కార్డు ఆయన కోటు జేబులో పెట్టి పంపించేసిందట. "వాడితో ఏదో ఒకటి వెళ్లాలి కదా" అంది.

అప్పుడే ఆ పిలుపు గురించి చెప్పింది. మా రాష్ట్రంలోనే, పడమటి కొండల్లో, ఏటా ఎండాకాలంలో స్కాట్లండ్ వంశాలవాళ్లంతా ఒక పచ్చిక మైదానంలో కూడతారు. మొదటి సాయంత్రం పొద్దు వాలుతుండగా ఒక్కో వంశం పేరూ పిలుస్తారు. ఆ వంశం మనిషి ఒకరు కాగడా పట్టుకుని ముందుకొచ్చి, "మేమిక్కడే ఉన్నాం" అని పలకాలి. అంతే. కానీ ఒక ఏడు పేరు పిలిచినప్పుడు ఎవరూ పలకకపోతే వచ్చే ఏటి నుంచి ఆ పేరు పిలవరు. ఆవిడ అన్న బతికున్నన్నాళ్లూ ఆయన పలికాడు. ఆయన పోయాక ఆవిడ పలుకుతోంది. ఆ వంశం వాళ్లు ఇంకెక్కడైనా ఉన్నారేమో గానీ ఆ కొండకి వచ్చేవాళ్లు ఇంకెవరూ లేరు. "ఆ పేరు ఆ కొండ మీద మా ఇంట్లోవాళ్ల నోట తప్ప వినపడలేదు. నా నోట ఆగిపోకూడదు" అంది. ఆ పేరేమిటో నాకు తెలుసు. ఆవిడది కాబట్టి నేను ఇక్కడ రాయను.

ఆ చలికాలంలో ఆవిడకి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గడ్డ ప్రమాదమేమీ కాదన్నారు, బతుకుజీవుడా అనుకున్నాం. కానీ మెలకువ వచ్చాక చూస్తే గొంతు లేదు. నరం దెబ్బతిందట, రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. ఆస్పత్రిలో నేను పక్కన కూర్చుంటే పెదాలు కదిపింది, ఒట్టి గాలి వచ్చింది. బస్సంతా హడలెత్తించిన మనిషి. చెవి దగ్గర పెడితే ఎండుటాకు కదిలినట్టు ఒక చప్పుడు, అంతే. నేను బయటికొచ్చి పార్కింగ్ గరాజ్‌లో కారులో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

స్పీచ్ థెరపీకి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లేదాన్ని. వసంతం వచ్చేసరికి గాలిలోంచి మాట తయారైంది గానీ టేబుల్‌కి అవతల కూర్చుంటే వినపడదు. పెరట్లో మా కబుర్లు ఆగిపోయాయి. కంచె మీద నుంచి వంగి నేను చెవి పెడితే ఆవిడ చెప్పేది. ఏం చెప్పినా చివరికి వచ్చేది ఒకే మాట, ఎండాకాలం, కొండ, పిలుపు.

"నేను చెబుతాను మీ తరపున" అన్నాను ఒకరోజు, ఆగలేక.

ఎలా అన్నట్టు ఆవిడ చెయ్యి తిప్పింది.

మా గుడి సంగతి చెప్పాను. శనివారం పొద్దున అర్చన లైనులో నిలబడితే, నా ముందున్న మనిషి తన గోత్రం ఒక్కటే చెప్పి ఊరుకోడు. ఇండియాలో ఉన్న చెల్లెలిదీ, ఉద్యోగం పోయిన స్నేహితుడిదీ, వీసా స్టాంపింగ్‌కి వెళ్లిన బావమరిదిదీ, అందరి గోత్రాలూ నక్షత్రాలూ చెబుతాడు. అయ్యవారు ఒక్కో పేరూ దేవుడికి వినిపిస్తాడు. ఎదురుగా లేని మనిషి తరపున పలకడం మాకు మామూలు, అందులో దొంగతనం లేదు అన్నాను. "ముందు నేను ప్రయత్నిస్తాను. నా వల్ల కాకపోతే నువ్వు చెప్పు" అంది, నా చెవిలో.

ఇక నేను ఆఫీసుకి వెళుతూ కారులో రోజూ ప్రాక్టీసు చేశాను. వంశం పేరు, ఆ తర్వాత "మేమిక్కడే ఉన్నాం". నా యాసలో ఆ పేరు ఎలా పలుకుతుందోనని ఆవిడకి ఫోన్‌లో వినిపించేదాన్ని. మా అమ్మాయి దిద్దేది. "అమ్మా, నువ్వు మరీ యాంగ్రీగా చెప్తున్నావ్, దే విల్ గెట్ స్కేర్డ్" అనేది. భయపడనీ అన్నాను. వినపడటం ముఖ్యం.

ఆ రోజు మధ్యాహ్నం ఆవిణ్ణి ఎక్కించుకుని ఫార్టీ హైవే మీద పడమటికి బయల్దేరాను. నేల లేచి లేచి కొండలయ్యేదాకా ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. దాచుకుంటోంది, ఉన్న గొంతు. నేనే ఇద్దరి బదులూ మాట్లాడాను.

అంతమందిని ఒక్కచోట గళ్లబట్టల్లో నేనెప్పుడూ చూడలేదు. కార్డుల్లో చూసిన గళ్లన్నీ అక్కడ నడుస్తున్నాయి. ఎర్రగళ్ల ముసలాయన ఊతకర్రతో, నీలిగళ్ల తల్లి చంకలో పిల్లతో, అందరి టోపీల్లోనూ ఆకులు. అవే ఆకులు, హోలీ, దేవదారు, ఓక్, పచ్చగా, అప్పుడే తుంచినవి. టోపీ టోపీకీ బెల్టు చుట్టిన బొమ్మ. అట్టముక్కల మీద చూసి ఎప్పుడో అయిపోయిన సంగతులనుకున్నవి నా చుట్టూ ఐస్‌క్రీమ్ తింటూ, పార్కింగ్ గురించి తగువు పడుతూ తిరుగుతున్నాయి. ఆవిడ తన సంచీలోంచి జునిపర్ రెమ్మ తీసి టోపీలో గుచ్చుకుంది. అది జారకుండా నేను పిన్ను పెట్టాను.

కాగడాలు ఇచ్చే చోట నేను తగువుకి దిగాను. వేదిక మీద పేర్లు పిలిచే ఆయనకి మైకుంది, పలికేవాళ్లకి లేదు. ఆవిడకొక మైకు ఇవ్వండి, ఆపరేషనయింది, గొంతు లేదు అని అక్కడున్న వాలంటీరుతో అన్నాను.

"ఎవరికీ ఇవ్వం మేడమ్. ఎవరి గొంతుతో వాళ్లు పలకాల్సిందే. ఎప్పటి నుంచో అంతే" అంది ఆ అమ్మాయి. "కావాలంటే ఆవిడ తరపున మీరు పలకచ్చు."

నేను ఇంకా ఏదో అనబోతే ఆవిడ నా చెయ్యి లాగింది. వరసలో నిలబడ్డాక నా చెవి దగ్గరికి వంగి, "నీ చెయ్యి పట్టుకుని ఉంటాను. వదిలేస్తే నువ్వు పలుకు. వదలకపోతే ఆగు" అంది. సరేనన్నాను.

పొద్దు కొండ వెనక్కి దిగింది. కాగడాలు వెలిగించారు. మైదానం చుట్టూ కొండవాలు నిండా జనం. డ్రమ్ములు నెమ్మదిగా, ఆగకుండా, గుండె కొట్టుకున్నట్టు మోగుతున్నాయి. ఒక్కో పేరూ పిలుస్తున్నారు, ఒక్కో మనిషీ కాగడా ఎత్తి, మెడ నరాలు పొంగేలా అరుస్తున్నాడు. "మేమిక్కడే ఉన్నాం." "మేమిక్కడే ఉన్నాం." ఎప్పుడో ఎవరో తరిమేస్తే సముద్రం దాటి వచ్చినవాళ్ల మునిమనవలు, ఎవరికో జవాబు చెబుతున్నట్టు చెబుతున్నారు. నాకు దుఃఖమో సంతోషమో తెలియలేదు, కళ్ల నిండా నీళ్లు. మా వెనక ఒక పెద్ద వంశం ఆయన నిలబడ్డాడు, మనిషి తలుపంత ఉన్నాడు, తెల్లగడ్డం. తర్వాతి పిలుపు ఆయనదే. ఆయన వెనక కొండవాలు మీద ఆయనవాళ్లే వందల మంది ఉన్నట్టున్నారు, అప్పటికే ఈలలు వేస్తున్నారు.

ఆవిడ పేరు పిలిచారు.

ఆవిడ ఒక అడుగు ముందుకేసింది, కాగడా ఎత్తింది, నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. పక్కనే ఉన్న నాకే వినపడలేదు. డ్రమ్ముల్లో కొట్టుకుపోయింది.

ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

రెండోసారి పిలిచారు. మళ్లీ పెదాలు కదిలాయి. ఈసారి దగ్గు వచ్చింది. నేను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. వదులు, వదులు అని మనసులో బతిమాలుకుంటున్నాను. ఆవిడ వేళ్లు నా మణికట్టు మీద ఇంకా బిగిశాయి. వేదిక మీదాయన ఒక్క క్షణం చూశాడు. ఎవరూ పలకలేదనుకున్నాడు. కాగితం మీదికి తల వంచి, తర్వాతి పేరు, ఆ గడ్డమాయన వంశం పేరు పిలిచాడు.

కొంప మునిగిందనుకున్నాను. ఆవిడ చెయ్యి విదిలించుకుని నేనే అరిచేద్దామనుకున్నాను. ఆవిడేమనుకున్నా సరే అనుకున్నాను.

గడ్డమాయన పలకలేదు.

మళ్లీ పిలిచారు. ఆయన పలకలేదు. కాగడా దించి పట్టుకుని, నోరు మూసుకుని, మా పక్కింటావిడ వంక చూస్తూ నిలబడ్డాడు. ఆయనవాళ్లు కొండవాలు మీద ఈలలు ఆపేశారు. ఏమైందని కాసేపు గుసగుసలు, తర్వాత అవీ ఆగిపోయాయి. మూడోసారి పిలవబోయి వేదిక మీదాయన ఆగాడు. ఇటు చూశాడు. మైకు కిందికి దించాడు. ముందు వరసలో ఒక డ్రమ్ము ఆగింది, తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత అన్నీ. అంత మైదానంలో కాగడాల మంట చప్పుడు తప్ప ఏమీ లేదు. పసిపిల్లలు కూడా ఏడవలేదు.

గడ్డమాయన ఆవిడకి తల వంచాడు, తమరు కానివ్వండి అన్నట్టు.

ఆవిడ ఊపిరి పీల్చుకుంది. తన వంశం పేరు చెప్పింది. "మేమిక్కడే ఉన్నాం" అంది. సన్నగా, బొంగురుగా, మధ్యలో విరిగి, మళ్లీ అతుక్కుని వచ్చింది ఆ మాట. నాకు ప్రతి అక్షరం వినపడింది. కొండవాలు మీద ఉన్నవాళ్లకి వినపడిందో లేదో నాకు తెలియదు. వాళ్లు లేచి నిలబడ్డారు.

అప్పుడు గానీ ఆ గడ్డమాయన కాగడా పైకెత్తి తన వంశం పేరు పలకలేదు.